కాంట్రా ఉదయగిరి కొండెక్కితే

లాయరమ్మ జవాబులు – నెల్లూరు నుంచి

ఈసారి గట్టు తగాదాలు, చెల్లని చెక్కులు, షాపు ఖాళీ చేయని అద్దెదారులు పక్కన పెట్టాను. కంప్యూటర్ ఆటల మీద వరసగా ఉత్తరాలు వచ్చాయి. "ఇవెవరు చదువుతారమ్మా?" అన్నారు సంపాదకులు. వేసవి సెలవుల్లో స్టోన్‌హౌస్‌పేటలో టీవీ గేము గంటల లెక్కన అద్దెకు తెచ్చుకుని, రిమోట్ కోసం మా అన్నయ్యతో జుట్లు పట్టుకున్న మనిషిని నేను. చదివేవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు.

ప్రశ్న: లాయరమ్మ గారికి నమస్కారం. మాది కావలి. బీటెక్ మూడో సంవత్సరం. మా బాబాయి అటకమీద దాచిన టీవీ గేములో కాంట్రా ఆడుతూ పెరిగాను. కాలేజీలో చేరినప్పటి నుంచి అదే ఆటను కంప్యూటర్లో మళ్ళీ కడతా ఉన్నాను. అడవికి బదులు ఉదయగిరి కొండ, జలపాతానికి బదులు సోమశిల డ్యాము, ఆఖర్లో కృష్ణపట్నం పోర్టు. కోడ్ మొత్తం నేనే రాశాను, బొమ్మలన్నీ నేనే గీశాను. మ్యూజిక్ మా ఫ్రెండు కీబోర్డు మీద వాయించాడు, ట్యూన్లు మాత్రం పాతవే. పేరు 'కాంట్రా ఉదయగిరి'. సంక్రాంతికి అందరికీ ఉచితంగా పెట్టాలని. ఒక్క రూపాయి తీసుకోను. కంపెనీ వాళ్ళు ఏమన్నా చేస్తారా?
– పేరు వద్దన్న పాఠకుడు, కావలి

జవాబు: చేయచ్చు నాయనా. ఆ రూపాయి సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే నాకు ఉత్తరం రాసిన వాళ్ళందరూ దాన్నే పట్టుకుని వేలాడుతున్నారు. మన 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 51 చదువు. హక్కుదారుడి అనుమతి లేకుండా అతనొక్కడే చేయదగిన పని నువ్వు చేస్తే అది ఉల్లంఘన. లాభం వచ్చిందా, నష్టం వచ్చిందా అని అక్కడ ఎవరూ అడగరు. లాభం లెక్కలోకి వచ్చేది శిక్ష దగ్గర. సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం చేయలేదని తేలితే, కారణాలు రాసి, కోర్టు అంతకన్నా తగ్గించవచ్చు. ఇది వారెంటు లేకుండా పట్టుకోదగిన, నాన్ బెయిలబుల్ నేరమేనని సుప్రీంకోర్టు 2022లో నిట్ ప్రో కేసులో చెప్పింది కూడా. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒక విద్యార్థి ఉచితంగా పెట్టిన ఆట కోసం జపాన్ కంపెనీ కావలి స్టేషన్ మెట్లెక్కుతుందని నేననుకోను. ముందు వచ్చేది ఒక నోటీసు. కానీ 'ఉచితం' అన్న మాటను తాయెత్తులా కట్టుకుని తిరగొద్దు.

ఇక నువ్వు ఏమేం తీసుకున్నావో చూద్దాం. అసలు కథంతా ఇక్కడే ఉంది.

కోడ్ మొత్తం నువ్వే రాశానంటున్నావు. అది నీది. ఆ భాగంలో నీకు ఏ దిగులూ లేదు.

బొమ్మలు నువ్వే గీశావు, సరే. కానీ చొక్కా లేకుండా తుపాకీ పట్టుకుని గాల్లో పిల్లిమొగ్గ వేసే ఆ ఇద్దరు కాంట్రా హీరోలు బిల్, లాన్స్ లాగే ఉంటే, మళ్ళీ గీసినంత మాత్రాన నీవైపోవు. చూసి గీయడం కూడా నకలే. మన చట్టం ఇంకో అడుగు ముందుకేసింది: చదునుగా ఉన్న బొమ్మను త్రీడీలోకి మార్చడం కూడా హక్కుదారుడికే చెందుతుందని సెక్షన్ 14లో రాసిపెట్టింది. ఈ కాలం రీమేకులు సగం చేసే పని అదే కదా.

ట్యూన్ల దగ్గర నువ్వు బాగా ఇరుక్కున్నావు. సంగీతానికి రెండు హక్కులుంటాయి. బాణీకి ఒకటి, దాని రికార్డింగుకు ఒకటి. మీ ఫ్రెండు కొత్తగా వాయించాడు కాబట్టి పాత రికార్డింగు జోలికి పోలేదు. బాణీ మాత్రం పాతదే, అది వాళ్ళదే. సినిమా పాటను పెళ్ళి బ్యాండు వాళ్ళు వాయించినంత మాత్రాన పాట బ్యాండు వాళ్ళది కాదు.

పేరు అన్నిటికన్నా చెడ్డది. కాపీరైటుకు ఎప్పటికైనా గడువుంటుంది, పేరు మీదుండే ట్రేడ్‌మార్కును రెన్యువల్ చేసుకుంటూ పోతే గడువే ఉండదు. 'కాంట్రా' అని బోర్డు కట్టుకుని, ఇది అసలు ఆట చేసిన కోనామీ వాళ్ళది కాదు అని కింద చిన్న అక్షరాల్లో రాస్తే ఎవరూ వినరు.

మరి వాళ్ళది కానిది ఏది? కుడివైపుకు పరుగెత్తడం, ఎగరడం, ఎనిమిది దిక్కుల్లో కాల్చడం, ఇద్దరు కలిసి ఆడటం, దారిలో ఎగిరొచ్చే డబ్బాను పేల్చి కొత్త తుపాకీ అందుకోవడం. ఇది ఆట పద్ధతి. పద్ధతికి కాపీరైటు లేదు. మన ఊళ్ళలో పౌరాణిక నాటకాలు చూసే ఉంటావు. కృష్ణ రాయబారం కథ ఎవరైనా రాసుకోవచ్చు, ఎవరైనా ఆడచ్చు. ఒక కవి రాసిన పద్యాలు మాత్రం ఆ కవివి. సుప్రీంకోర్టు 1978లో ఈ గీత గీసింది కూడా ఒక నాటకం తగాదాలోనే. ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత తన నాటకాన్ని సినిమావాళ్ళు కాపీ కొట్టారని కోర్టుకెక్కాడు. ఇతివృత్తం ఒకటే అయినా చెప్పిన తీరు వేరని కోర్టు సినిమావాళ్ళ వైపే తీర్పిచ్చింది.

ఈ వాదనను మరీ సాగదీసినా తెగుతుంది. అమెరికాలో ఒక చిన్న కంపెనీ టెట్రిస్ నియమాలు మాత్రమే తీసుకున్నామంటూ 'మినో' అనే ఆట తెచ్చింది. 2012లో న్యూజెర్సీ కోర్టు ఏమందంటే, నియమాలు మీరు తీసుకోవచ్చు, కానీ ముక్కల రూపం, గడుల కొలత, పడబోయే చోటు చూపించే నీడ, ఇవన్నీ అచ్చు దించేశారు అని. చూసినవాడు రెండిటినీ విడదీయలేకపోతే నియమాల వాదన నిలవదు.

నోటీసు ఎప్పుడు వస్తుందో కూడా చెబుతాను. నోటీసులన్నీ ఏ అభిమాని మీదో పగతో వచ్చేవి కావు, వాటికీ ఒక సీజనుంది. అర్జెంటీనాలో మిల్టన్ గువాస్తి అనే అతను మెట్రాయిడ్ అనే ఆటకు 1991లో వచ్చిన రెండో భాగాన్ని దాదాపు పదేళ్ళు కూర్చుని మళ్ళీ కట్టాడు. 2016 ఆగస్టులో, మొదటి మెట్రాయిడ్ వచ్చి సరిగ్గా ముప్పై ఏళ్ళు నిండిన రోజున ఉచితంగా విడుదల చేశాడు. వెంటనే మెట్రాయిడ్ హక్కుదారు నింటెండో నోటీసులతో లింకులు ఊడిపోయాయి. 2017లో నింటెండో అదే ఆటకు తన సొంత రీమేక్ 'సామస్ రిటర్న్స్' తెచ్చింది. అంటే గువాస్తి విడుదల చేసే నాటికి వాళ్ళ వంట పొయ్యిమీదే ఉంది. ఆ పనితనం చూసి మూన్ స్టూడియోస్ అనే ఆటల కంపెనీ గువాస్తికి పనిచ్చింది. అది వేరే కథ.

నీ సంగతి ఇంతకన్నా ఇరుకు. కాంట్రా మూలపడ్డ ఆట కాదు. 2019లో పాతవన్నీ కలిపి ఒక సంకలనం అమ్మారు. 2024 మార్చిలో మొదటి కాంట్రానే కొత్తగా తిరగరాసి 'ఆపరేషన్ గలూగా' పేరుతో మార్కెట్లో పెట్టారు. డబ్బులకు అమ్ముతున్న సరుకు పక్కనే నువ్వు ఉచితంగా పంచుతానంటున్నావు.

అందుకని నా సలహా: ఉదయగిరిని ఉంచు, కాంట్రాను దించు. పేరు మార్చు, ఆ ఇద్దరు మొగాళ్ళను మార్చు, మీ ఫ్రెండుకు సొంతంగా బాణీ కట్టమని చెప్పు. కోట మెట్ల మీద ఏ రాయి వెనక ఎవడు దాక్కుంటాడన్నది నీ ఊహ, దాన్ని ఎవరూ లాక్కోలేరు. రోడ్ రాష్ ఆడినవాళ్ళకు 'రోడ్ రిడెంప్షన్' తెలిసే ఉంటుంది. బైకు మీద పోతూ పక్కవాణ్ణి కొట్టడం అనే ముచ్చటను తీసుకున్నారు, పేరునూ బొమ్మల్నీ వదిలేశారు. 2013లో జనం దగ్గర చందాలు పోగేసి, 2017లో డబ్బుకే అమ్మారు.

అనుమతి అడిగితే ఇవ్వరా అంటావేమో. ఇచ్చినవాళ్ళున్నారు. హాఫ్‌లైఫ్ ఆటను అభిమానులు 'బ్లాక్ మీసా'గా మళ్ళీ కడితే వాల్వ్ కంపెనీ సరేనంది, అమ్ముకోనిచ్చింది కూడా. 2020లో పూర్తి రూపం వచ్చింది. సెగా వాళ్ళు ఒకవైపు 2011లో 'స్ట్రీట్స్ ఆఫ్ రేజ్' అభిమానుల రీమేకును తీయించేసి, ఇంకోవైపు సోనిక్ అభిమాని క్రిస్టియన్ వైట్‌హెడ్‌ను పిలిచి పనిచ్చారు. 2017 నాటి 'సోనిక్ మేనియా' అలా పుట్టిందే. ఒకే కంపెనీలో ఒక చెయ్యి కొట్టింది, ఒక చెయ్యి పెట్టింది. నువ్వు మాత్రం ఆ రెండో చేతిని నమ్ముకుని సంక్రాంతి తేదీ పెట్టుకోకు.

అన్నట్టు, మీ బాబాయి అటకమీది క్యాసెట్టు కూడా నూటికి తొంభైపాళ్ళు దొంగదే అయ్యుంటుంది. మనం ఆడిన 'లక్ష ఆటలు ఒకే క్యాసెట్లో' అనే రకాలు ఏ హక్కుదారుడి దగ్గరా అడిగి చేసినవి కావు. పై, పై, కింద, కింద అని ముప్పై ప్రాణాలు తెచ్చుకున్న మన తరం ప్రేమంతా దొంగ సరుకు మీద పెరిగిందే. చట్టం పుస్తకం పట్టుకున్నప్పుడల్లా నాకిది గుర్తొచ్చి నవ్వొస్తుంది.

ప్రశ్న: అమ్మా లాయరు గారూ, మాది ఒంగోలు, కర్నూలు రోడ్డు. మా అమ్మాయి ఇంట్లో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. రాత్రిళ్ళు కూర్చుని ఏదో పాత కార్ల ఆటను కొత్త కంప్యూటర్లలో ఆడేట్టు మార్చి, కోడ్ పెట్టుకునే వెబ్‌సైటులో పెట్టిందంట. అమెరికా నుంచి మెయిలు వచ్చింది, పేజీ తీసేశారు. స్నేహితులేమో కౌంటర్ నోటీసు పంపితే రెండు వారాల్లో మళ్ళీ పెడతారని చెప్తున్నారు. మా ఆయన జైలంటారేమో అని అన్నం సరిగా తినడం లేదు. సంబంధాలు కూడా చూస్తున్నాం.
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: ముందు మీ ఆయనకు అన్నం పెట్టండమ్మా. వచ్చింది కోర్టు సమను కాదు, ఎఫ్ఐఆర్ కాదు. అమెరికాలో 1998లో చేసిన డీఎంసీఏ అనే చట్టం ఉంది. దాని ప్రకారం హక్కుదారుడు వెబ్‌సైటు వాళ్ళకు రాస్తే, వాళ్ళు తమ మీదికి రాకుండా ఆ పేజీ తీసేస్తారు. మీ అమ్మాయి మీద కేసు పెట్టినట్టు కాదు. పేజీ పోయింది, అంతే. పెళ్ళివారికి చెప్పాల్సిన సంగతీ కాదు, దాచాల్సిన సంగతీ కాదు.

కౌంటర్ నోటీసు మాత్రం స్నేహితులు చెప్పినంత తేలిక కాగితం కాదు. అందులో రెండు మాటలుంటాయి. ఇది పొరపాటున తీసేశారని నమ్ముతున్నాను, అబద్ధమైతే శిక్షకు సిద్ధం అని ఒకటి. రెండోది, అమెరికా ఫెడరల్ కోర్టు అధికారానికి ఒప్పుకుంటున్నాను అని. విదేశంలో ఉన్నవాళ్ళు కూడా ఒప్పుకోవాల్సిందే. ఒంగోల్లో మీ వంటింటి పక్క గదిలో కూర్చుని, కాలిఫోర్నియా కోర్టుకు రమ్మంటే వస్తానని సంతకం పెడుతున్నట్టు. అది అందాక కంపెనీకి పది నుంచి పధ్నాలుగు పనిదినాలు టైముంటుంది. ఆలోగా దావా వేయకపోతే పేజీ తిరిగి వస్తుంది. వేస్తే?

వేసిన ఉదాహరణ ఉంది, మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. మన నెట్ సెంటర్లలో పిల్లలు గంటల తరబడి ఆడిన వైస్ సిటీ, దాని ముందు వచ్చిన జీటీఏ 3. ఈ రెండిటి ప్రోగ్రామునూ కొందరు అభిమానులు విప్పి చూసి, మనుషులు చదవగలిగే కోడ్‌గా తిరిగి రాశారు. ఆడాలంటే అసలు ఆట కొనుక్కుని ఉండాల్సిందే, బొమ్మలూ పాటలూ వాళ్ళు ఇవ్వలేదు. అయినా 2021 ఫిబ్రవరిలో ఆ ఆటల హక్కుదారు టేక్‌టూ కంపెనీ తీయించేసింది. వీళ్ళు కౌంటర్ నోటీసు పంపారు, పేజీ తిరిగొచ్చింది. సంబరపడ్డారు. సెప్టెంబరులో కంపెనీ కాలిఫోర్నియాలో దావా వేసింది. నవంబరులో అవే ఆటలను కొత్తగా మెరుగుపెట్టి అమ్మకానికి తెచ్చింది. కావలి అబ్బాయికి చెప్పిన సీజను ఇదే. 2023లో ఆ కేసు తీర్పు దాకా పోకుండానే ముగిసింది, కాబట్టి అలా విప్పి రాయడం తప్పా ఒప్పా అన్నది అక్కడ తేలనూ లేదు.

మన చట్టం ఈ విషయంలో కొంచెం దయగలది. సెక్షన్ 52లో కంప్యూటర్ ప్రోగ్రాములకని ప్రత్యేకంగా కొన్ని మినహాయింపులున్నాయి. ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో పరిశీలించి, దాని వెనకున్న సూత్రాలు తెలుసుకోవచ్చు. చట్టబద్ధంగా సంపాదించిన కాపీ నుంచి, వ్యాపారం కాకుండా సొంత వాడకం కోసం, నకలు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అంటే మీ అమ్మాయి ఆ ఆట కొనుక్కుని, తన కంప్యూటర్లో మార్చుకుని ఆడుకుంటే మన దేశంలో తప్పు లేదు. 'సొంత వాడకం' అన్న మాట ఇంటి గడప దాటదు. నలుగురూ దింపుకునేట్టు పెట్టడం ఆ గడప అవతలి పని.

మీ అమ్మాయిని నా మాటగా ఒకటి అడగండి: కంపెనీ ప్రోగ్రామును విప్పి రాసిందా, లేక ఆట నడిచే తీరు చూసి సొంతంగా రాసిందా? రెండోదైతే ఆమె వాదనకు బలముంది. ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ అనే పాత ఆటకు 2004లో మొదలైన 'ఓపెన్ టీటీడీ' ఈనాటికీ నడుస్తోంది. తర్వాత తర్వాత సొంత బొమ్మలు, సొంత శబ్దాలు కూడా చేసుకుని, పాత ఆట ఫైళ్ళు లేకుండానే ఆడేట్టు తయారుచేసుకున్నారు. (తిరుమలకూ దీనికీ ఏ సంబంధం లేదు, ఫోన్లు చేయకండి.) మొదటిదైతే కౌంటర్ నోటీసు జోలికి పోవద్దు. మెయిలు భద్రంగా దాచమనండి, కోపంలో జవాబు రాయొద్దనండి, వేరే పేరుతో అదే మళ్ళీ ఎక్కించే తెలివితేటలు అసలే వద్దు. తెలిసి తెలిసి చేసినట్టు రుజువు మన చేత్తో మనమే ఇచ్చినట్టవుతుంది.

ప్రశ్న: కందుకూరులో నెట్ సెంటరు నడుపుతున్నాను. జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్లతో బతుకుతున్నాం. ఫ్యాన్స్ చేసిన పాత ఆటలు ఉచితంగా దొరుకుతున్నాయి కదా, సిస్టముల్లో వేసి గంటకింత అని తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. చేసినవాడు ఉచితంగా ఇచ్చాడు, మీరు డబ్బు తీసుకుంటున్నారు. ఉల్లంఘన కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడితే సెక్షన్ 63బి కింద కనీసం ఏడు రోజుల జైలు, 50 వేల జరిమానా. వ్యాపారం కోసం కాదని తప్పించుకునే దారి మీకు ఎటూ లేదు. జిరాక్సు మిషను దగ్గరే ఉండండి.

ప్రశ్న: పొదిలి నుంచి రాస్తున్నాను, హైస్కూలు టీచరును. నేను ఆడిన డాస్ కాలం ఆటల కంపెనీలు మూతపడ్డాయి. ఎక్కడా అమ్మడం లేదు. అలాంటివి ఎవరివీ కానట్టే కదా?

జవాబు: మేష్టారూ, ఊరొదిలి పోయినవాడి పొలం బీడుపడితే అది ఊరందరిదీ అయిపోదని మీకు తెలుసు. కంపెనీ మూతపడితే హక్కులు అప్పులవాళ్ళకో, కొనుక్కున్నవాళ్ళకో పోతాయి.

కింగ్స్ క్వెస్ట్ ఆటల సంగతి చూడండి. సియెరా కంపెనీవి. అభిమానులు ఆ కథకు కొనసాగింపుగా ఒక ఆట కడుతుంటే, 2005లో అప్పటి యజమాని వివెండి ఆపమంది. అభిమానులు గోల చేస్తే దిగొచ్చి అనుమతిచ్చింది. ఈలోగా హక్కులు యాక్టివిజన్ చేతికి పోయాయి. 2010లో వాళ్ళు మళ్ళీ ఆపమన్నారు, మళ్ళీ గోల, మళ్ళీ అనుమతి, ఆ ఏడే మొదటి భాగం వచ్చింది. 2023లో యాక్టివిజన్‌నే మైక్రోసాఫ్ట్ కొనేసింది. బీడనుకున్న పొలానికి ఎప్పుడూ ఎవరో ఒకరు పాస్‌బుక్కుతో ఉన్నారు.

గడువు సంగతంటారా, మన దగ్గర రచయిత పోయాక 60 ఏళ్ళు. 1987 నాటి ఆటను రాసినవాడు ఆ ఏడే పోయాడనుకున్నా 2047 దాకా ఆగాలి. సంతోషించాల్సిన విషయం ఏమిటంటే, ఆ కాలం ఆటలు రాసినవాళ్ళు చాలామంది బాగానే ఉన్నారు. హక్కు వదిలేసుకుంటున్నానని రచయిత బహిరంగంగా ప్రకటిస్తే సెక్షన్ 21 కింద చెల్లుతుంది, కానీ మౌనంగా ఉంటే వదిలేసినట్టు కాదు. డూమ్ ఆట కోడ్‌ను ఐడీ సాఫ్ట్‌వేర్ 1997లో తానే బయటపెట్టింది, బొమ్మలూ స్థాయిలూ మాత్రం ఇవ్వలేదు. ప్రిన్స్ ఆఫ్ పర్షియా రాసిన జోర్డాన్ మెక్నర్ పాత ఫ్లాపీలు వాళ్ళ నాన్నకు దొరికితే, 2012లో ఆ కోడ్‌ను అందరికీ చూపించాడు.

నా అభిప్రాయం అడగలేదు గానీ చెబుతాను. పుస్తకానికీ ఆటకూ ఒకే కొలత పెట్టడం నాకు నచ్చదు. అరవై ఏళ్ళ తర్వాత కూడా పుస్తకం కాగితం మీద ఉంటుంది, బీరువాలో దుమ్ము దులిపి చదువుకోవచ్చు. ఆట ఆడే మిషను పదిహేనేళ్ళకే పాత ఇనపసామాను బండెక్కుతుంది. అమ్మకుండా, ఎవర్నీ బాగుచేయనివ్వకుండా అన్నేళ్ళు తాళం వేస్తే, తాళం తీసే రోజుకు లోపల ఏమీ మిగలదు. ఇరవై ఏళ్ళు మార్కెట్లో పెట్టని ఆటను డబ్బు తీసుకోకుండా బాగుచేసుకునే వీలు చట్టంలో ఉండాలంటాను. ప్రస్తుతానికి లేదు, కాబట్టి మీ స్కూలు కంప్యూటర్లలో వేయకండి.

ప్రశ్న: మేడమ్, నాది మార్కాపురం. డిగ్రీ చదువుతున్నాను. వామన గుంటలు ఆటను ఫోన్ యాప్‌గా చేశాను. చెక్క పలక బొమ్మ, చింతగింజలు నేనే గీశాను. లెక్క పలికే గొంతు మా జేజెమ్మది. ఇప్పుడు ఎవరో ఢిల్లీవాళ్ళు అదే బొమ్మలతో, అదే జేజెమ్మ గొంతుతో వేరే పేరు పెట్టి యాప్ స్టోర్లో పెట్టారు, ప్రకటనలు కూడా వస్తున్నాయి. నేను రిజిస్టరు చేయించుకోలేదు. ఇంక నా చేతిలో ఏమీ లేదా?

జవాబు: చాలా ఉందమ్మాయ్. వామన గుంటల నియమాలు మీ జేజెమ్మ జేజెమ్మల నాటివి, వాటిని వాళ్ళూ వాడుకోవచ్చు. నీ బొమ్మలు, నీ కోడ్, నీ రికార్డింగు మాత్రం ముట్టుకోకూడదు. రిజిస్ట్రేషన్ లేకపోయినా హక్కు పుట్టినప్పుడే పుట్టింది, రిజిస్ట్రేషన్ రుజువుకు పనికొస్తుంది. ఇప్పుడైనా చేయించుకో. కాపీరైట్ కార్యాలయం వెబ్‌సైటులోనే దరఖాస్తు, కోడ్‌కు 500 రూపాయల ఫీజు, సోర్స్ కోడ్ మొదటి పది పేజీలు, చివరి పది పేజీలు పెట్టాలి. డైరీ నంబరు వచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు.

దానికోసం ఆగకుండా యాప్ స్టోరుకు ఫిర్యాదు రాయి. 2013 కాపీరైట్ రూల్సులో 75వ రూలు కింద 36 గంటల్లో వాళ్ళు దాన్ని ఆపాలి. కానీ 21 రోజుల్లోగా నువ్వు కోర్టు ఆర్డరు తేలేకపోతే తిరిగి పెట్టుకోవచ్చు. కాబట్టి ఫిర్యాదు పంపే ముందే లాయర్ని మాట్లాడుకో. దావా కోసం ఢిల్లీ పోనక్కర్లేదు, సెక్షన్ 62 ప్రకారం నువ్వుండే చోటి జిల్లా కోర్టులోనే వేయచ్చు. నువ్వు గీసిన మొదటి చిత్తు బొమ్మలు, వాటి ఫైళ్ళ తేదీలు, వాళ్ళ యాప్ స్క్రీన్‌షాట్లు వాళ్ళు మార్చేలోపు తీసి పెట్టుకో. జేజెమ్మ గొంతు నీ యాప్‌లో వాడుకోవడానికి ఆమెకు ఇష్టమేనని ఒక కాగితం రాయించి, సంతకమో వేలిముద్రో వేయించుకో. ఎదుటి లాయరు మొదట అడిగేది ఆ కాగితమే.